చిలుక పలుకు, శ్రావకుని వ్రతము

దొడ్డబళ్ళాపురము బెంగుళూరునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరములో, హిందూపురము పోయే దారిలో ఉన్న నేతపట్టణము. ఒక ఆవు ప్రతిదినము ఒక పుట్టమీద బళ్ళెడు పాలు కురిపించి పోయేదనీ, ఆ బళ్ళ పేరుమీదనే ఊరికి బళ్ళాపురమను పేరు వచ్చినదనీ స్థలకథ కలదు. పశువు తనకు తానై ఇచ్చినదానితో ఊరి పేరు మొదలయినదన్న మాట. ఈనాడు ఆ వీధులలో పట్టుచీరల మగ్గముల చప్పుడు వినిపించును. కన్నడముతోపాటు తెలుగును చెవిని పడును.

ఆ ఊరిలో బట్టల వర్తకము చేసే ఒక జైన కుటుంబమును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఇది ఫలానావారి ఇల్లని వ్రేలు చూపుట కాదు. ఇట్టి ఇండ్లు హిందూపురములో, ఆదోనిలో, బళ్ళారిలో ఎక్కడనైనను ఉండవచ్చును. ఆ ఇంటి నడవలో ఒక పంజరము వ్రేలాడుచుండెను. అందులో ఒక రామచిలుక. ఇరువది యేండ్లకు పైగా అది ఆ ఇంటిలోనే పెరిగినది. తెల్లవారగానే వచ్చినవారికి "జై జినేంద్ర" అనును. పాలవాడు వస్తే వాని కేకనే వానికి తిరిగి వినిపించును. రాత్రి తొమ్మిది గంటలకు కొడుకు అంగడి కట్టి ఇల్లు చేరగానే "ఒరే, తలుపు వేసినావా?" అని అడుగును.

ఆ చివరి మాట ఇంటి అవ్వది. ఆమె పోయి ఏడేండ్లయినది. ఆమె పోయిన మరునాటి రాత్రి కూడ చిలుక అదే మాటను, అదే గొంతుతో, అదే విసుగుతో అడిగెను. ఇంటిల్లిపాదియు కన్నీరు పెట్టుకొనిరి. తరువాత అది అలవాటయినది. అవ్వ పటము గోడమీద ఉన్నది, అవ్వ గొంతు పంజరములో ఉన్నదని పిల్లలు చెప్పుకొనేవారు. ఇప్పుడు ఆ చిలుకయు పోయినది. అవ్వ రెండవమారు పోయినట్లయినది.

ఇట్టి దుఃఖమును చూచి నవ్వుట తగదు. పిట్టకోసము ఏడ్చుట ఏమిటని అనేవారు, ఆ పిట్ట ఎవరి గొంతును మోయుచుండెనో ఎరుగనివారు. 2018లో ఉత్తరప్రదేశములోని అమ్రోహా జిల్లాలో ఒక ఉపాధ్యాయుడు తన చిలుక చనిపోగా దానికి అంత్యక్రియలు జరిపి, పదుమూడవనాడు బంధువులను పిలిచి భోజనము పెట్టినట్లు పత్రికలు వ్రాసినవి. 2022 జూలైలో దొడ్డబళ్ళాపురమునకు దగ్గరనే ఉన్న తుమకూరులో, ఇంటినుండి ఎగిరిపోయిన ఆఫ్రికా బూడిదరంగు చిలుకను తెచ్చి ఇచ్చినవారికి 50,000 రూపాయలు ఇచ్చెదమని ఒక కుటుంబము ప్రకటించి, అది దొరకినప్పుడు 85,000 ఇచ్చినది. వర్తకునికి 85,000 అంటే ఏమో తెలియును. మమకారము ఎంత బరువో ఆ లెక్క చెప్పును.

అయితే శ్రావకుని ఇంట ఈ మరణము మూడు ప్రశ్నలను లేవదీయును. ఆ చిలుక ఏమయినది? ఆ దుఃఖమును ఏమి చేయవలెను? అన్నిటికంటె కష్టమయిన ప్రశ్న మూడవది: ఇరువది యేండ్లు అది ఆ పంజరములో ఏల ఉన్నది?

మొదటిదానికి శాస్త్రము స్పష్టముగా సమాధానము చెప్పుచున్నది. చిలుక తిర్యంచగతికి చెందిన పంచేంద్రియ జీవము; ఆకాశమున సంచరించునది గనుక ఖేచరము; మనస్సు కలది గనుక సంజ్ఞి. ఏకేంద్రియముల వలె, చీమ దోమల వలె దానిని లెక్కింపరాదు. తిర్యంచులకును సమ్యగ్దర్శనము కలుగవచ్చుననియు, అవి అయిదవ గుణస్థానము వరకు, అనగా గృహస్థుడగు శ్రావకుడు నిలిచే మెట్టు వరకు, ఎక్కగలవనియు జైనాగమము ఒప్పుకొనును. దీనినిబట్టి ఆ పంజరములోని ప్రాణి, యోగ్యత విషయమున, పంజరము తలుపు వేసిన మనిషికి ఎంతో దూరములో లేదు.

ప్రాణము పోయిన తరువాత ఆత్మ ఎక్కడనో తిరుగుచు పిండమునకై ఎదురుచూచునని జైనులు నమ్మరు. ఒక దేహము విడిచి మరియొక జన్మస్థానము చేరుటకు దానికి పట్టు కాలము కొన్ని సమయములు మాత్రమే. ఒక రెప్పపాటులో అసంఖ్యాతములగు సమయములుండును. కాబట్టి పిల్లలు పంజరము దగ్గరకు పరుగెత్తుకొని వచ్చుసరికే ఆ జీవము వేరొక చోట వేరొక బ్రతుకు మొదలుపెట్టినది. పదుమూడవనాటి భోజనము తిన్నవారికే చేరును.

చేయదగినది అంతకు ముందున్నది. కొనఊపిరితో ఉన్న ప్రాణి చెవిలో పంచనమస్కార మంత్రము చెప్పుట జైనుల ఇండ్లలో పాత ఆచారము. దీనికి మూలమయిన కథలు అందరెరిగినవే. పార్శ్వనాథుడు కుమారుడుగా ఉన్నప్పుడు తాపసుని మంటలో కాలుచున్న నాగమునకు మంత్రము వినిపించగా అది ధరణేంద్రుడయ్యెను. జీవంధరుడు దెబ్బలు తిని చనిపోవుచున్న కుక్కకు అదే మంత్రము చెప్పగా అది యక్షుడై పుట్టి అతనికి జీవితమంతయు మిత్రుడయ్యెను. ఆ కుక్క ఆ మాటల అర్థము గ్రహించెనా అని తర్కించువారుందురు. కథ ఆ చర్చలోనికి పోదు. శాంతమయిన గొంతు ఒకటి దగ్గర ఉండినది, అంతే.

చిలుకకు మాటల అర్థము తెలియునా అను ప్రశ్న మాత్రము విడువరానిది. ఎందుకనగా, "అది ఊరక పలుకును, దానికేమి తెలియును" అను మాట చాటుననే పంజరములు నిలిచియున్నవి. చిలుక పలుకులనగా అర్థమెరుగని వల్లింపు అని తెలుగులో వాడుక. ఈ వాడుకను ఇప్పుడు కొంత సవరించుకొనవలెను.

మనిషికి గొంతులోని స్వరతంతువులు ధ్వని పుట్టించును. పక్షికి ఆ తంతువులు లేవు. ఊపిరిగొట్టము అడుగున, అది రెండుగా చీలుచోట, వేరొక ధ్వనియంత్రము కలదు. చిలుక అచ్చటి ధ్వనిని తన దళసరి నాలుకతో మలచి మన మాటవలె చేయును. మెదడులో విన్నదానిని అనుకరించుటకు వేరుగా కేంద్రములుండుట కొద్ది జాతుల పక్షులకే కలదు. చిలుకలలో ఆ కేంద్రముల చుట్టు మరియొక పొర కూడ ఉన్నదని 2015లో ప్రచురించిన పరిశోధన తెలిపినది. (పచ్చిమిరపకాయను అది అంత ఇష్టముగా నమలుటకు కారణము వేరు: మనకు మండునట్టి పదార్థము పక్షులకు మండదు. చిలుకకు మాటలు వచ్చుటకు మిరపకాయ పెట్టవలెనను నమ్మికకు ఆధారము లేదు.)

అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అను శాస్త్రజ్ఞురాలు 1977లో షికాగోలోని ఒక అంగడిలో ఒక ఆఫ్రికా చిలుకను కొని అలెక్స్ అని పేరు పెట్టి ముప్పది యేండ్లు దానికి చదువు చెప్పెను. అది నూరు వరకు వస్తువుల, రంగుల, ఆకారముల పేర్లు నేర్చినది. ఆరు వరకు లెక్కించినది. రెండు వస్తువులకు భేదము లేనప్పుడు "ఏమియు లేదు" అను అర్థము గల మాట వాడినది. 2007 సెప్టెంబరు 6న అది తన గూటిలో చనిపోయి కనిపించినది. అంతకు ముందు సాయంత్రము ఆమె వెళ్ళునప్పుడు, ప్రతిదినము చెప్పునట్లే, బుద్ధిగా ఉండుమనీ, ప్రేమించుచున్నాననీ, రేపు కలిసికొందమనీ ఆ చిలుకయే ఆమెకు చెప్పినది. ప్రపంచమంతట పత్రికలు దాని మరణవార్త వేసినవి.

వెనెజువెలా దేశపు చిన్న చిలుకలమీద జరిగిన పరిశోధన 2011లో వెలువడినది. అడవిలోని ఆ పక్షులలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క ప్రత్యేకమయిన పిలుపు ఉండుననియు, గూటిలోని పిల్లలు ఆ పిలుపులను తలిదండ్రులనుండి నేర్చుకొనుననియు అందులో తేలినది. తలిదండ్రులు పిల్లలకు పేర్లు పెట్టుట వంటిదే. చిలుక గుంపు జీవి. గుంపులోని వారి పిలుపును నేర్చి తిరిగి పిలుచుట దాని స్వభావము. పంజరములో ఒంటిగా పడిన చిలుకకు ఇంటివారే గుంపు. అవ్వ గొంతుతో "తలుపు వేసినావా?" అని అది అడిగినప్పుడు తలుపు సంగతి దానికి అక్కరలేదు. గుంపులో ఒకరు గూటికి చేరిరి, పలుకరించవలెను. అంతవరకు దానికి తెలిసియుండుననుట తప్పు కాదు. అవ్వ లేని ఇంటిలో అవ్వను పిలుచుచున్నదేమో కూడ.

ఇక మూడవ ప్రశ్న. దీనిని చాలమంది దాటవేయుదురు.

తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి: కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములు ఆపుట. అయిదింటిలో మొదటిది బంధమే. సర్వార్థసిద్ధిలో పూజ్యపాదుడు దీనికి చెప్పిన అర్థము చాల సూక్ష్మమయినది: ప్రాణి తాను కోరిన చోటికి పోకుండ అడ్డు కలిగించునది బంధము. త్రాడు అని గాని, గొలుసు అని గాని ఆయన ఆగలేదు. ఎగురగల ప్రాణికి కోరిన చోటు ఆకాశము. అట్టిదానికి వెండి పంజరమయినను బంధమే. ఎగిరిపోకుండ రెక్కల ఈకలు కత్తిరించుట మూడవ అతిచారపు గడప త్రొక్కుటయే.

ప్రతిక్రమణము చేయు ఇండ్లలో ఈ అయిదు పేర్లును నోట పలుకుచునే యుందురు. పాపము తెలియక చేసినది మిథ్య యగుగాక యని వేడుకొందురు. ఆ మాటలు వినుచు చిలుక నడవలో కూర్చుండియుండును. కొంచెము తెలివిగలదయితే తానును పలికియుండును.

వెనుకటి ఆచార్యులు గృహస్థుని కష్టము ఎరుగనివారు కారు. పశువును కట్టక సేద్యము జరుగదు. అందుచేత వారు బంధమును రెండు విధములుగా చెప్పిరి: అక్కరకు కట్టుట, అక్కర లేక కట్టుట. అక్కరకు కట్టినను ముడి వదులుగా ఉండవలెననియు, నిప్పంటుకొన్నప్పుడు ఆ పశువు విడిపించుకొని పోగలుగవలెననియు వ్యాఖ్యానములు చెప్పును. అసలు కట్టకున్నను నిలిచే పశువులనే శ్రావకుడు ఉంచుకొనుట మేలని వారి మతము. చిలుకకు ఏ అక్కర? అది దున్నదు, పాలీయదు. ఇంటివారి సంతోషమొకటే.

హేమచంద్రాచార్యుడు (1172లో కాలధర్మము చెందెను) కుమారపాల మహారాజుకొరకు రచించిన యోగశాస్త్రములో, శ్రావకుడు విడువవలసిన పదునైదు వ్యాపారములను లెక్కించెను. అందులో ఒకటి అసతీపోషణము. దానిని వివరించుచు ధనముకొరకు పెంచరాని జంతువుల పేర్లు చెప్పినాడు: గోరువంక, చిలుక, పిల్లి, కుక్క, కోడి, నెమలి. చిలుక పేరు అక్కడ విడిగా ఉన్నది. వర్తకులకు ఇది గమనింపదగినది. "మేము అమ్ముట లేదు, ప్రేమతో పెంచినాము" అనవచ్చును. అక్షరార్థముగా అది నిజమే. కాని కొన్నవాడు లేక అమ్మినవాడు లేడు. దొంగసరుకు కొన్నవాడు తాను దొంగిలించలేదని అంగడిలో చెప్పిన ఎవరు ఒప్పుకొందురు?

ఆ సరుకు వచ్చు దారి కూడ తెలియవలెను. రామచిలుక చలికాలపు చివరినుండి వేసవి మొదటివరకు చెట్టు తొర్రలలో గ్రుడ్లు పెట్టును. పట్టువారు తొర్రలోనికి చేయి పెట్టి రెక్కలు రాని పిల్లలను తీయుదురు. బుట్టలలో కుక్కి తెచ్చునప్పుడు అన్నియు బ్రతుకవు. నడవలో "జై జినేంద్ర" అన్న ఒక గొంతు వెనుక, ఏ మాటయు నేర్వక చచ్చినవి ఎన్నో లెక్కలేదు. పెద్దవానిని పట్టుటకు వలలున్నవి. దొడ్డబళ్ళాపురము చుట్టుపట్ల ద్రాక్షతోటలలో చిలుకల గుంపులు పడి రైతుకు నష్టము చేయుట నిజమే. తోటమీద వల కప్పుట వేరు, పిట్టను వలవేసి సంతకు తెచ్చుట వేరు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, పంజరములో ఉంచుట నిషేధించినది. చట్టము వచ్చి యాభై యేండ్లు దాటినను పంజరములు వ్రేలాడుచునే యున్నవి. లెక్కపుస్తకములో ఒక్క అంకె తప్పిన నిద్రపట్టని వర్తకుడు ఈ చట్టమును మాత్రము ఎరుగనట్లు ఉండుట విచిత్రము.

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. భద్రాచల రామదాసు గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గుటకు, పూర్వజన్మమున ఒక చిలుకను పంజరములో ఉంచుటయే కారణమని పల్లెటూరి ముసలమ్మయు చెప్పును. ఆ కథ చెప్పినవారు జైనులు కారు. అయినను కర్మసిద్ధాంతమును ఇంత తేటగా చెప్పిన కథ జైనపురాణములలోనే అరుదు. శుకసప్తతి కథలో వ్యాపారమునకై పరదేశము పోయిన వర్తకుని ఇంటిని చిలుక తన కథలతో కాపాడినది. పాలవేకరి కదిరీపతి దానిని తెలుగు కావ్యము చేసెను. ఆ చిలుకను అందరు మెచ్చుకొందురు. దానికి కావలసినదేమని ఎవరును అడుగరు.

జైనుల కథలలో పక్షి గొంతును గూర్చి మిక్కిలి దుఃఖకరమయినది యశోధరునిది. పిండితో చేసిన కోడిని బలియిచ్చిన దోషమున యశోధరుడును అతని తల్లియు నెమలియై, కుక్కయై, ఇంకను ఎన్నో జన్మలెత్తి చివరకు కోళ్ళై పుట్టిరి. ఒక ముని ధర్మము చెప్పుచుండగా పంజరములోని ఆ కోళ్ళకు పూర్వజన్మములు గుర్తు వచ్చి, సంతోషము పట్టలేక కూసినవి. ఆ కూతను గురిచేసికొని, శబ్దవేధి విద్య చూపుటకై రాజు బాణము వేసెను. ఆ రాజు యశోధరుని కొడుకే. కన్నడములో జన్నకవి 1209లో దీనిని కావ్యముగా వ్రాసెను. అంతకు ముందే, 959లో, సోమదేవసూరి ఈ కథనే యశస్తిలకముగా గంగాధరములో పూర్తిచేసెను. ఆ గంగాధరము నేటి తెలంగాణలో కరీంనగరు దగ్గరిది. పంజరములో కూసిన గొంతు ఎవరిదో కొడుకే ఎరుగలేదన్న కథ తెలుగునేలమీద వ్రాయబడి వేయి యేండ్లు దాటినది.

రెండవ ప్రశ్నకు, దుఃఖమునకు, ఇప్పుడు రావచ్చును. ఇష్టమయినది దూరమయినప్పుడు మనస్సు దానినే తలచి తలచి కుములుట ఆర్తధ్యానము. నాలుగు విధములగు ఆర్తధ్యానములో ఇష్టవియోగము ఒకటి. ఆర్తధ్యానము తిర్యంచగతికి దారి యని ఆచార్యులు చెప్పిరి. చిలుకను తలచి అంతులేకుండ ఏడ్చినవాడు చిలుక పుట్టిన గతికే పోవునన్నమాట. ఇది బెదిరింపు కాదు. దుఃఖము రాకూడదని శాస్త్రమనలేదు; దానిలో ఇల్లు కట్టుకొని ఉండరాదని చెప్పినది. ఏడ్చిన పిల్లలను కసరరాదు. కాని మూడవనాటికే "ఇంకొక చిలుకను తెచ్చిపెట్టెదము, ఊరుకో" అను మాట పెద్దల నోట వచ్చును. దుఃఖమునకు ఇంతకంటె చెడ్డ మందు లేదు. ఒకరి కన్నీరు తుడుచుటకు మరియొక తొర్రలోనికి చేయి పోవును.

పుణ్యమునకని సంతలో పక్షులను కొని ఎగురవేయుట కూడ ఆలోచింపదగినదే. పట్టువానికి ముట్టిన రొక్కము మరునాటి వలకు పెట్టుబడి యగును. చాలకాలము పంజరములో ఉన్న పక్షి ఒక్కసారిగా విడిచిన తిండి వెదుకుకొనలేక కాకులకు చిక్కును. ఢిల్లీలో ఎర్రకోట ఎదుట లాల్ మందిరమునందు జైనులు నడుపు పక్షుల ధర్మాసుపత్రి ఇంతకంటె మంచి దారి చూపినది. గాయపడిన పక్షులకు అక్కడ ఉచితముగా చికిత్స చేసి, కోలుకొన్నవానిని మేడపైనుండి విడుతురు. తెచ్చియిచ్చినవారికి తిరిగి పంజరములో పెట్టుకొనుటకు ఇయ్యరు. దొడ్డబళ్ళాపురము వంటి ఊరిలో అటవీశాఖవారికి గాని, బెంగుళూరులో వన్యప్రాణులకు చికిత్స చేయు సంస్థలకు గాని అప్పగించవచ్చును. ఏ సంఘమయినను పర్యూషణమునాడు జీవదయకై వసూలు చేసిన సొమ్ములో కొంత ఇట్టి చికిత్సకు పంపిన, సంతలో పంజరములు కొన్నదానికంటె ఆ రొక్కము సద్వినియోగమగును.

మరల ఆ ఇంటికి. ఆ కుటుంబము చిలుక దేహమును పెరటిలో, పురుగులు లేని చోటు చూచి, మెల్లగా మన్ను తొలగించి పాతిపెట్టినది. (జబ్బుతో పోయిన పక్షినుండి మనుష్యులకు ఊపిరితిత్తుల జ్వరము అంటుకొనవచ్చును, ముక్కునకు గుడ్డ కట్టుకొని, చేతులు సబ్బుతో కడుగుకొనుట మరువరాదు.) మంత్రము చెప్పిరి. ఇంటి పెద్దకొడుకు సంవత్సరి నాడు బంధువులకు, బాకీదారులకు, పోటీ అంగడివానికి కూడ చేతులు జోడించి "మిచ్ఛామి దుక్కడం" చెప్పువాడే. ఇరువది యేండ్లలో ఒక్కసారియు పంజరము ముందు నిలిచి ఆ మాట అనలేదని అతనికి అప్పుడు తోచినది. వట్టి పంజరము ముందు నిలిచి అనెను. వినవలసినది వినలేదు, అన్నవాడు విన్నాడు.

పంజరమును పొరుగింటివారు అడిగిరి. మంచి ఇత్తడి పంజరము, ఊరక ఏల పారవేయవలె నని. ఇచ్చిన అందులో ఇంకొక చిలుక చేరును. అతడు మాట మార్చి, దాని తలుపును, కమ్ములను సుత్తితో విరుగగొట్టించి గుజిరీవానికి తూకమునకు ఇచ్చెను. వచ్చిన డబ్బు ఇంటి లెక్కలో కలుపక జీవదయ హుండీలో వేయించెను.

ఆ రాత్రి అంగడి కట్టి వచ్చినప్పుడు నడవ చీకటిగా ఉండెను. అతడు చెప్పులు విడిచి, కొంచెము ఆగెను. లోపలినుండి ఆరేండ్ల కూతురు అడిగినది, "నాయనా, తలుపు వేసినావా?"